బెర్లిన్ టెక్నో క్లబ్ గుమ్మం దగ్గర

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటి విషయం ఒక్కటే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. బెర్లిన్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి టెక్నో (యంత్రాలతో పుట్టించే నాట్య సంగీతం) క్లబ్బులకు వెళ్లి వినడం అలవాటు చేసుకున్న మనిషిగా నాకు తెలిసినంతవరకు జవాబు చెబుతాను. ఉత్తరాలు రాసినవారి పేర్లను వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది తెనాలి. ఏడు నెలలుగా బెర్లిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇంతవరకు పబ్బుకు గాని, క్లబ్బుకు గాని వెళ్లి ఎరగను. మద్యం తాగను. ఇక్కడి టెక్నో క్లబ్బుల గురించి, ముఖ్యంగా బెర్గ్‌హైన్ గురించి తోటి విద్యార్థులు చెబుతుంటే ఒక్కసారి చూడాలని ఉంది. గంటల తరబడి వరుసలో నిలబడినా కారణం చెప్పకుండా వెనక్కి పంపేస్తారని, మన దేశం నుంచి వచ్చిన అబ్బాయిలను అసలు రానివ్వరని కొందరంటున్నారు. నల్లబట్టలు వేసుకుంటే చాలని ఇంకొకరు చెప్పారు. తాగనివాడు అలాంటి చోటికి వెళ్లడంలో అర్థం ఉందా? వెళితే ఎలా వెళ్లాలి?

జవాబు: మద్యం గురించి మీరు అడిగినదానితోనే మొదలుపెడతాను. తాగని మనిషి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. మన ఊళ్లలో పబ్బు అనగానే ముందు మద్యం, తర్వాత పాట గుర్తుకు వస్తాయి. మంచి టెక్నో క్లబ్బులో ఈ వరుస తారుమారు అవుతుంది. అక్కడి బారులో నీళ్లు, పళ్లరసాలే కాక, మాటే అనే ఆకుతో చేసిన క్లబ్ మాటే అనే పానీయం కూడా దొరుకుతుంది. అందులో కెఫీన్ ఉంటుంది కాబట్టి తెల్లవారేదాకా మెలకువగా ఉండదలచినవారిలో చాలామంది చేతుల్లో బీరుకు బదులు ఆ సీసాయే కనిపిస్తుంది. మీ చేతిలో ఉన్నదేమిటని అడిగేవారు ఎవరూ ఉండరు.

ఇక గుమ్మం సంగతి. ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, 1950లలో కట్టిన పాత విద్యుత్ కేంద్రంలో బెర్గ్‌హైన్‌ను 2004లో తెరిచారు. క్రాయిట్స్‌బెర్గ్, ఫ్రీడ్రిష్‌హైన్ అనే రెండు పేటల పేర్లలోని చివరి ముక్కలను కలిపి దానికి ఆ పేరు పెట్టారు. శనివారం అర్ధరాత్రి మొదలైన సంగీతం సోమవారం ఉదయం దాకా ఆగదు. గుమ్మం దగ్గర కాపలాదారుగా ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చిన స్వెన్ మార్క్వార్ట్ తూర్పు బెర్లిన్‌లో పుట్టి పెరిగిన ఛాయాచిత్రకారుడు. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని పంపకూడదో చెప్పే రాతపూర్వకమైన నియమం ఏదీ లేదు. అయితే ఆ కఠినత్వం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు కోపం కొంత తగ్గుతుంది. ఈ క్లబ్బుకు ముందు అదే నిర్వాహకులు నడిపిన ఓస్ట్‌గూట్ ప్రధానంగా స్వలింగ సంపర్కుల కోసం ఏర్పడిన చోటు. బయటి ప్రపంచంలో చూపులకూ మాటలకూ గురయ్యేవారు ఒక్క రాత్రి ఎవరి కంటా పడకుండా నాట్యం చేసుకోవడానికి కట్టుకున్న గోడలవి. వింత చూడడానికి వచ్చేవారి సంఖ్య పెరిగితే ఆ గోడలకు అర్థం పోతుంది. లోపల ఫొటోలు తీయనివ్వకపోవడానికి, గుమ్మం దగ్గరే ఫోన్ కెమెరాల మీద చిన్న స్టిక్కరు అంటించడానికి కారణం కూడా ఇదే.

నేను మొదటిసారి ఒక క్లబ్బు గుమ్మం నుంచి వెనక్కి తిరిగింది ఒక జనవరి రాత్రి. ఆరుగురం స్నేహితులం రెండు గంటలు చలిలో నిలబడి, నిలబడినంతసేపూ గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ ఉన్నాం. ఆ రాత్రి లోపల ఎవరు వాయిస్తున్నారో మాలో ఒక్కరికీ తెలియదు. కాపలాదారు తల అడ్డంగా ఊపాడు, అంతే. ఆ అవమానం చాలా రోజులు బాధించింది. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం, ఇంటి దగ్గర టిఫిను చేసి, ఒక్కడినే వేరే క్లబ్బుకు వెళ్లాను. అక్కడ వరుస కూడా లేదు. ఎవరు వాయిస్తారో చూసుకుని వెళ్లాను కాబట్టి ఎవరిని వినడానికి వచ్చావని అడిగినప్పుడు తడబడకుండా చెప్పగలిగాను. ఈ అనుభవం నుంచి నేను మీకు చెప్పగలిగేది ఇది: శనివారం అర్ధరాత్రి వెళ్లకండి, ఆదివారం ఉదయమో మధ్యాహ్నమో వెళ్లండి, ఒంటరిగా గాని, ఒక్క స్నేహితుడితో గాని వెళ్లండి, ఆ రోజు వాయించేవారిలో కనీసం ఇద్దరి సంగీతాన్ని ముందు వారమంతా వినండి. చివరిది గుమ్మం దాటడానికి పనికిరాకపోయినా దాటిన తర్వాత తప్పక పనికి వస్తుంది.

నల్లబట్టల మాట నమ్మకండి. రోజూ వేసుకునే సాదా బట్టలు, ఆరు గంటలు నిలబడినా కాళ్లను నొప్పించని బూట్లు చాలు. పాస్‌పోర్టు గాని, నివాస అనుమతి కార్డు గాని అసలుదే దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే ఫోన్‌లో ఉన్న ఫొటోను అంగీకరించకపోవచ్చు. కొంత నగదు కూడా ఉండాలి. చలికాలపు కోటును గార్డెరోబే అనే చోట చిన్న రుసుము చెల్లించి అప్పగించి, అక్కడ ఇచ్చే నంబరు బిళ్లను జాగ్రత్త చేసుకోవాలి; ఆ కోటుతో లోపలి వేడిని పది నిమిషాలు కూడా భరించలేరు.

మన దేశపు అబ్బాయిలను రానివ్వరన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను, అలాగని పూర్తిగా ఒప్పుకోను. గుంపుగా వచ్చిన మగపిల్లలను, వారు ఏ దేశస్థులైనా, చాలా క్లబ్బులు వెనక్కి పంపుతాయి. కాని రంగు చూసి ఆపే కాపలాదారులు కూడా ఉన్నారు, అది అవమానం మాత్రమే కాదు, చట్టప్రకారం ఫిర్యాదుకు తగిన సంగతి. 2006లో వచ్చిన జర్మనీ సమాన ఆదరణ చట్టం క్లబ్బు గుమ్మానికి కూడా వర్తిస్తుంది. జాతి కారణంగా ప్రవేశం నిరాకరించిన క్లబ్బులు నష్టపరిహారం చెల్లించాలని అక్కడి న్యాయస్థానాలు తీర్పులు ఇచ్చాయి. అలాంటిది జరిగిందని మీకు గట్టిగా అనిపిస్తే అక్కడ వాదనకు దిగకుండా, తేదీ, సమయం, పక్కన ఉన్నవారి వివరాలు రాసుకుని సమాఖ్య ప్రభుత్వపు వివక్ష నిరోధక కార్యాలయాన్ని సలహా అడగండి. చట్టప్రకారం మీ హక్కును రెండు నెలల లోపు కోరాలి కాబట్టి ఆలస్యం చేయవద్దు.

ఇంత చెప్పినా, మొదటిసారి వెళ్లేవారికి బెర్గ్‌హైన్ సరైన చోటని నేను అనుకోను. నా మాట వింటే ముందు ట్రెజోర్‌కు వెళ్లండి. కోపెనికర్ వీధిలోని పాత విద్యుత్ కేంద్రంలో ఉన్న ఆ క్లబ్బు నేలమాళిగలోకి సన్నని, పొగమంచు నిండిన సొరంగం గుండా దిగుతారు. తలకు అందేంత కిందుగా కప్పు, ఇనుప కటకటాల వెనుక డీజే, ఒక్క తెల్ల దీపపు మెరుపు తప్ప చీకటి. సంగీతం కాక చూడడానికి అక్కడ మరేమీ ఉండదు. వార్షావర్ స్ట్రాసే స్టేషన్ దిగి రేవాలర్ వీధికి వెళితే, పాత రైల్వే మరమ్మతుల కర్మాగారం ఆవరణలో చిన్న చిన్న క్లబ్బులు వరుసగా కనిపిస్తాయి. అక్కడ గుమ్మాలు కొంత సులువు, కాని ఆ వంతెన మీదా, ఆవరణలోనూ జేబుదొంగలూ మత్తుమందులు అమ్మేవారూ ఉంటారు కాబట్టి ఎవరు పలకరించినా ఆగకుండా నడవండి.

లోపలి మర్యాదలు ఎక్కువేమీ లేవు. మన దగ్గర పెళ్లిలో డీజే దగ్గరికి వెళ్లి ఫలానా పాట వేయమన్నట్టు ఇక్కడ అడగకూడదు. ఇద్దరు మగవారు గాని, ఇద్దరు ఆడవారు గాని ముద్దు పెట్టుకుంటే తేరిపార చూడకూడదు. ఎవరినైనా తాకే ముందు అడగాలి, వద్దంటే వెంటనే దూరం జరగాలి. నాట్యం రాదని సిగ్గుపడకండి. ఎవరూ మిమ్మల్ని చూడరు, అందరి ముఖాలూ ఎక్కువగా స్పీకర్ల వైపే ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం మీరు నా మాట కచ్చితంగా వినాలి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు లేకుండా వెళ్లవద్దు. నేను మొదటి ఏడాది నిర్లక్ష్యం చేశాను. ఒక రాత్రి స్పీకరుకు ఎదురుగా మూడు గంటలు నిలబడిన తర్వాత రెండు రోజుల పాటు చెవుల్లో గుంయ్‌మనే హోరు తగ్గలేదు, ఆ రెండు రోజులు నేను పడిన భయం ఇంకా గుర్తుంది. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించగల చెవి, ప్రతి 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా అందులో సగం కాలం మాత్రమే భరిస్తుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర చెవికి మిగిలేది 15 నిమిషాలే. సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెళ్లను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. చాలా క్లబ్బుల్లో నురుగు ప్లగ్‌లు బారు దగ్గరే దొరుకుతాయి. ఇరవై యూరోలు పెట్టి సంగీతకారులు వాడే రకం కొనుక్కుంటే పాట మసకబారకుండా శబ్దం మాత్రమే తగ్గుతుంది. గంటకొకసారి నిశ్శబ్దంగా ఉన్న చోటికి వెళ్లి పది నిమిషాలు కూర్చోవడం కూడా అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో నలభై ఏళ్లు మృదంగం నేర్పాను. మా మనుమడు బెర్లిన్ నుంచి టెక్నో అనే సంగీతాన్ని పంపించి వినమన్నాడు. పదిహేను నిమిషాలు విన్నాను. ఒకే దరువు, మాట లేదు, రాగం లేదు. దీనిని ఆ దేశం వారసత్వంగా గుర్తించిందని కూడా చెప్పాడు. అందులో వారికి ఏమి కనిపించింది?

జవాబు: గురువుగారూ, మీ మనుమడు చెప్పినది నిజమే. 2024 మార్చిలో జర్మనీ యునెస్కో కమిషన్ బెర్లిన్ టెక్నో సంస్కృతిని తమ దేశపు అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇది జర్మనీ జాతీయ జాబితా, ప్రపంచ జాబితా కాదు. అంతకు ముందే, 2016లో, బెర్గ్‌హైన్ ప్రవేశ రుసుము మీద వినోదానికి వేసే 19 శాతం పన్నుకు బదులు, కచేరీలకు వేసే 7 శాతం పన్ను చాలని అక్కడి పన్నుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. జనం డీజేను వినడానికి వస్తున్నారా, తాగడానికి వస్తున్నారా అన్నదే ఆ వ్యాజ్యంలో తేలవలసిన ప్రశ్న.

మీకు ఒకే దరువుగా వినిపించినది నిజంగానే ఒకే దరువు. నిమిషానికి దాదాపు 130 సార్లు, సమానమైన ఎడంతో, చతురశ్ర నడకలో అది నడుస్తుంది, మారదు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వినిపించే ఘట్టం, నడుస్తున్నప్పుడు సభలో కూర్చున్న రసికుడు తన తొడ మీద తాళం వేసుకుంటూ, ఆ తాళానికి ఎదురుగా మీరు అల్లే నడకలను వింటాడు. ఇక్కడ తాళం వేసే పనిని యంత్రం తీసుకుంది, శ్రోతకు చేయి ఖాళీ అయింది. వినవలసినది ఆ దరువును కాదు, దాని మీద మెల్లగా మారుతున్నదానిని: ఎనిమిదో, పదహారో ఆవర్తనాలకు ఒకసారి ఒక లోహపు శబ్దం వచ్చి చేరుతుంది, ఒక స్వరం కొద్దికొద్దిగా పదునెక్కుతుంది, ఉన్నట్టుండి దరువు మాయమై నాలుగు ఆవర్తనాల తర్వాత తిరిగి సమానికి, అంటే ఆవర్తనపు మొదటి దెబ్బకు, వచ్చి పడుతుంది. ఆ సమం పడిన క్షణంలో వెయ్యి మంది ఒక్కసారిగా కదలడం నేను చూశాను. పదిహేను నిమిషాలు అందుకు చాలవు. గంటకు తక్కువైతే చెవికి ఈ మార్పులు పట్టుబడవు.

మన ఊళ్లలో డీజే అనే మాటకు లారీ మీద కట్టిన పెద్ద పెట్టెలని అర్థం వచ్చేసింది. అక్కడ డీజే అంటే మనిషి. రెండు రికార్డుల వేగాన్ని చెవితో సరిచూసి, ఒకటి ముగియక ముందే రెండవదానిని దాని తాళంలోకి దించి, మూడు నాలుగు గంటల పాటు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ, ఎక్కడా అతుకు తెలియకుండా నడిపించడం అతని విద్య. ఎదుట ఉన్న జనాన్ని చూసి తర్వాతి రికార్డు ఎంచుకోవడంలోనే అతని మనోధర్మం ఉంటుంది. ఊళ్లో రామాలయంలో ఏకాహం జరుగుతున్నప్పుడు పాడేవారు మారుతూ ఉంటారు, భజన మాత్రం ఇరవై నాలుగు గంటలూ తెగదు. అర్ధరాత్రి రెండు గంటలకు ఆ తాళాల మోతలో కూర్చున్న మనిషికి కాలం తెలియదు. భక్తిని నాట్యంతో పోల్చడం నా ఉద్దేశం కాదు, చెవికి జరిగేది మాత్రం దానికి దగ్గరగా ఉందని నా అనుభవం చెబుతోంది.

టెక్నో పుట్టుక బెర్లిన్‌లో కాదు. 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువకులు దీనికి రూపం ఇచ్చారు. జపాన్ సంస్థ రోలాండ్ 1980లో టీఆర్-808 అనే దరువు యంత్రాన్ని, 1983లో టీఆర్-909ని వాద్యబృందం లేనివారికి మద్దెలవాడి బదులు పనికి వస్తాయని తయారుచేసింది. అవి అసలు మద్దెల శబ్దాన్ని ఇవ్వలేదన్న కారణంతో సరిగా అమ్ముడుపోలేదు, పాత సరుకు దుకాణాల్లో చవకగా దొరికాయి, డబ్బు లేని పిల్లల చేతుల్లో పడ్డాయి. మీకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ముంబయిలో సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే టీఆర్-808ను, అదే సంస్థవారి టీబీ-303 అనే మంద్రస్వర యంత్రాన్ని ఉపయోగించి పది హిందుస్థానీ రాగాలను రికార్డు చేశారు. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ విడుదలైనప్పుడు పాశ్చాత్య శ్రోతలు ఆశ్చర్యపోయారు. రాగం లేదని మీరు అన్నారు కదా, మీ మనుమడిని ఆ రికార్డు పంపించమనండి.

డెట్రాయిట్ సంగీతం బెర్లిన్‌లో వేళ్లూనడానికి కారణం నగరాన్ని తూర్పు, పడమరలుగా విడదీసిన గోడ 1989 నవంబరు 9న కూలడం. తూర్పు భాగంలో కర్మాగారాలు, గిడ్డంగులు, నేలమాళిగలు ఖాళీగా మిగిలాయి. వాటి యజమానులెవరో తేలడానికి ఏళ్లు పట్టింది. 1991లో డిమిట్రి హేగెమాన్, అతని మిత్రులు, యుద్ధానికి ముందు నడిచిన వెర్ట్‌హైమ్ అనే పెద్ద అంగడి కింద తుప్పుపట్టిన లాకర్లతో మిగిలిపోయిన ఖజానా గదిలో క్లబ్బు తెరిచారు. జర్మన్ భాషలో ఖజానాను ట్రెజోర్ అంటారు, క్లబ్బుకు ఆ పేరే పెట్టారు. పాత చోటును 2005లో ఖాళీ చేయవలసి వచ్చి, 2007లో ఇప్పుడున్న చోటికి మారింది. గోడకు ఇటూ అటూ పెరిగిన కుర్రకారు మొదటిసారి కలిసి నిలబడిన చోట్లలో అదొకటి. మాట లేని సంగీతం కావడం వల్లనే అది సాధ్యమైందని నేను నమ్ముతాను. ఎవరి పాట అన్న తగవు అక్కడ లేదు. వారసత్వంగా గుర్తించినది ఆ దరువు ఒక్కదానినే కాదు, ఈ కూడికను కూడా. గుర్తింపు వచ్చినా అద్దెలు తగ్గలేదు. ష్ప్రే నది ఒడ్డున 2002 నుంచి నడిచిన వాటర్‌గేట్ క్లబ్బు 2024 చివర మూతపడింది.

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి ఇరవై మూడేళ్లు, బెర్లిన్‌లో చదువుతోంది. శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఎత్తదు. క్లబ్బులో ఉన్నానని ఆదివారం చెబుతుంది. అబద్ధం చెప్పదు, అది నాకు ధైర్యం. కాని రాత్రంతా నిద్ర పట్టదు. వెళ్లవద్దని చెప్పాలా?

జవాబు: అమ్మా, నిజం చెప్పే పిల్లను వద్దంటే వెళ్లడం మానదేమో గాని చెప్పడం మానుతుంది. ఆ ధైర్యాన్ని పోగొట్టుకోకండి. మీ భయంలో మాత్రం అనవసరమైనది ఏమీ లేదు కాబట్టి ఒక్కొక్కటిగా చెబుతాను.

తిరిగి రావడం గురించి: శుక్ర, శనివారాల రాత్రులు బెర్లిన్‌లో మెట్రో, లోకల్ రైళ్లు తెల్లవారేదాకా నడుస్తాయి, స్టేషన్లలో మనుషులు తిరుగుతూనే ఉంటారు. హైదరాబాదులో అర్ధరాత్రి దాటాక ఆడపిల్ల ఇంటికి చేరడానికి పడే కష్టంతో దీనిని పోల్చి భయపడవద్దు.

నిజంగా జాగ్రత్తపడవలసినది గ్లాసు దగ్గర. పానీయాల్లో రహస్యంగా మత్తుమందు కలిపే దుర్మార్గం అక్కడ ఉంది, పోలీసులు కూడా హెచ్చరిస్తూ ఉంటారు. రంగు ఉండదు, రుచి సరిగా తెలియదు. తన గ్లాసు తన చేతిలోనే ఉండాలి, కింద పెట్టి వెళితే తిరిగి తాగకూడదు, తెలియనివారు తెచ్చి ఇచ్చినది తీసుకోకూడదు. ఒక్క గ్లాసుకే కాళ్లు తేలిపోయినట్టు అనిపిస్తే ఒంటరిగా బయటికి రాకుండా వెంటనే స్నేహితులకు గాని, సిబ్బందికి గాని చెప్పాలి. చాలా క్లబ్బుల్లో అవేర్‌నెస్ టీమ్ పేరుతో ఇందుకోసమే కొందరు తిరుగుతుంటారు. ఎవరైనా వేధిస్తున్నప్పుడు బారు దగ్గరికి వెళ్లి జర్మన్‌లో "లూయిజా ఇక్కడ ఉందా" అని అడిగితే, ఆ ఏర్పాటులో చేరిన చోట్ల సిబ్బంది ఏ వివరమూ అడగకుండా పక్కకు తీసుకువెళ్లి సాయం చేస్తారు. 2016లో మ్యూన్‌స్టర్ నగరంలో మొదలైన ఈ పద్ధతి జర్మనీలో చాలాచోట్లకు వ్యాపించింది.

మత్తుమందుల సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. టెక్నో క్లబ్బుల్లో అవి తిరుగుతాయి. వాటిలో చాలావాటిని చట్టం ఒప్పుకోదు, కేసు పడితే నివాస అనుమతికి కూడా ముప్పు వస్తుంది. మీ అమ్మాయితో ఈ మాట ఒక్కసారి, కోపం లేకుండా, సూటిగా మాట్లాడండి. దానితో పాటు ఇది కూడా చెప్పండి: ఎవరైనా స్పృహ తప్పితే, ఏం తీసుకున్నారో తెలిసినా తెలియకపోయినా, 112కు ఫోన్ చేయడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించకూడదు, అంబులెన్సు సిబ్బందికి తెలిసింది దాచకూడదు. పోలీసులు వస్తారన్న భయంతో ఆలస్యం చేయడం వల్ల పోయే ప్రాణాలు ఉన్నాయి.

ఇక మీ నిద్ర. నేలమాళిగలో సిగ్నలు ఉండదు, ఫోన్లు లాకర్లో పెట్టేవారూ ఉంటారు, అందువల్ల ఎత్తకపోవడాన్ని ప్రమాదంగా తీసుకోవద్దు. ఫోన్ చేసే బదులు రెండు సందేశాలు అడగండి: ఎవరితో, ఎక్కడికి వెళుతోందో బయలుదేరేటప్పుడు ఒకటి, ఇల్లు చేరాక ఒకటి. రెండవ సందేశం ఆదివారం మధ్యాహ్నం దాకా రాకపోయినా కంగారు పడకండి, ఎందుకంటే అక్కడ చాలామంది క్లబ్బుకు బయలుదేరేదే ఆ వేళకు. ఆమె ఇంట్లో కలిసి ఉండే ఇద్దరి నంబర్లు మీ దగ్గర ఉంచుకోండి, సాయంత్రం దాకా కబురు లేకపోతే వారికి చేయండి. అప్పటికి మన దగ్గర రాత్రవుతుంది. చలికాలంలో బెర్లిన్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మీరు శనివారం పడుకునే వేళకు ఆమె ఇంకా బయలుదేరి కూడా ఉండదు.